మాటకు మాట అతికే పనితనం

బుచ్చయ్యపేట. మనకివి ఐదక్షరాలు. కంప్యూటరుకి మాత్రం బ, ఉకారం, చ, పొల్లు, మళ్లీ చ... ఇలా 11 కోడ్ పాయింట్లు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికీ 3 చొప్పున 33 బైట్లు. దీనికి చోడవరం కలిపి, విశాఖపట్నం జిల్లా (2022 నుంచి అనకాపల్లి) తగిలించి చిరునామా తయారుచేయడం పిల్లలాటే. రెండు మూడు ముక్కలకి ప్లస్ గుర్తు చాలు, దాన్ని తప్పు పట్టను. అదే పదివేల పేర్లయితే పనివాడెవడో తేలిపోతుంది.

జావా, పైథాన్‌లలో స్ట్రింగ్ (అక్షరాల వరుస) ఒకసారి పుట్టాక మారదు. లూపులో ప్లస్‌తో అతికిస్తూ పోతే ప్రతి చుట్టుకీ కొత్త స్ట్రింగ్ పుట్టి, పాతదంతా అందులోకి నకలవ్వాలి. 33 బైట్ల పేర్లు 10,000 ఇలా అతికితే నకలయ్యేవి సుమారు 165 కోట్ల బైట్లు. చేతికొచ్చేది 3 లక్షల 30 వేలు! సి భాషలో స్ట్ర్‌క్యాట్‌ది ఇంకో జబ్బు. చివర ఎక్కడుందో వెతకడానికి ప్రతిసారీ మొదటినుంచి బయల్దేరుతుంది. రంగు డబ్బా మొదట్లోనే వదిలేసి, రోడ్డు మీద ఒక్కో గీతకీ వెనక్కి నడిచే పెయింటరుతో దీన్ని పోల్చాడు ప్రోగ్రామర్ జోయెల్ స్పోల్‌స్కీ, 2001లో.

పైథాన్ జాయిన్ చూడండి, ముచ్చటేస్తుంది. ముందు ముక్కలన్నిటి పొడవూ కూడుతుంది. సరిపడా చోటు ఒక్కసారే తీసుకుంటుంది. ఒక్కో ముక్కనీ ఒక్కసారే దించుతుంది. అంతే! జావా మిత్రులు 2004 నాటి స్ట్రింగ్‌బిల్డర్ పేరెత్తుతారు. చోటు చాలనప్పుడల్లా దాదాపు రెట్టింపు చేసుకునే ఆ తెలివి గొప్పదే, కానీ నా ఓటు జాయిన్‌కే. 1995లో బోమ్, ఆట్కిన్‌సన్, ప్లాస్ అనే ముగ్గురు ‘రోప్స్’ పేరుతో ముక్కల్ని కదపకుండానే ట్రీగా కలిపి చూపించారు. దండం పెట్టాల్సిన పని.

తెలుగులో వేగం ఒక్కటే చాలదు. ‘రామ్’ పక్కన ‘నగర్’ అతికితే ‘రామ్నగర్’ అయి, న వత్తై మ కిందికి దిగిపోతుంది. మధ్యలో కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడితేనే ‘రామ్‌నగర్’. ఈ గుర్తు పడరానిచోట, ‘జ్ఞ’కీ దాని దీర్ఘానికీ మధ్య పడి, 2018 ఫిబ్రవరిలో ఐఫోన్ యాప్‌లని కూల్చింది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేశాకే ఆ గోల సద్దుమణిగింది.

ఇప్పుడేమో ఎక్కడ చూసినా అరువు కోడు, లూపులో ప్లస్సు! ‘పైథానే సర్దుకుంటుందిలే’ అని సమాధానం. సర్దుకునేది సీపైథాన్, అదీ ఆ స్ట్రింగ్‌ని ఇంకెవరూ పట్టుకుని లేనప్పుడే. దాన్ని నమ్ముకోవద్దని పైథాన్ శైలి నియమాల పత్రం పెప్ 8 స్వయంగా హెచ్చరిస్తోంది. చదివేదెవరు?

మాస్టార్లూ, మన చోడవరం వైపు పిల్లలకి లూపు నేర్పిన రోజే జాయిన్ కూడా నేర్పండి. మార్కులు వేసేటప్పుడు జవాబుతోపాటు అతుకూ చూడండి.