‘ఆదిత్య 369’లోని రెండు కాలఘట్టాలు: ప్రేక్షకాభిప్రాయ పరిశీలన

ఉపోద్ఘాతం

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991 జూలై 18న విడుదలైన ‘ఆదిత్య 369’ తెలుగు సినిమాలో కాలయాన ఇతివృత్తానికి ప్రామాణిక ఉదాహరణగా నిలిచిపోయింది. శాస్త్రవేత్త రామదాసు నిర్మించిన కాలయంత్రంలో కృష్ణకుమార్, హేమ మొదట క్రీ.శ. 1526 నాటి విజయనగరానికి, ఆపైన క్రీ.శ. 2504కు ప్రయాణిస్తారు. కృష్ణకుమార్ పాత్రనూ, శ్రీకృష్ణదేవరాయల పాత్రనూ నందమూరి బాలకృష్ణ పోషించారు. మాటలు జంధ్యాలవి, సంగీతం ఇళయరాజాది. 2025 ఏప్రిల్‌లో ఈ చిత్రం నవీకరించిన ప్రతితో మళ్ళీ థియేటర్లకు వచ్చింది. మూడు దశాబ్దాలు దాటిన చిత్రాన్ని కొత్త తరం పెద్ద తెరపై చూడగలిగిన సందర్భమది.

ఈ చిత్రాన్ని గురించి తెలుగు ప్రేక్షకుల మాటల్లో తరచు వినిపించే అభిప్రాయాలు మూడు. రాయలవారి ఘట్టం అద్భుతంగా ఉందనీ, భవిష్యత్తు ఘట్టం తేలిపోయిందనీ చెప్పడం మొదటిది. ఇది ఆంగ్ల కథలకు, చిత్రాలకు అనుసరణ అనడం రెండవది. చిన్నతనంలో చూసినవారు కథ మరచిపోయినా యంత్రాన్ని మాత్రం మరచిపోలేదనడం మూడవది. వీటిలో మొదటి అభిప్రాయం అన్ని ప్రాంతాలలోనూ, అన్ని వయసులవారిలోనూ దాదాపు తీర్పుగా స్థిరపడింది. ఆ తీర్పు దేనిని కొలుస్తున్నదన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న. అది చిత్రంలోని గుణదోషాలను కొలవడం కన్నా, ప్రేక్షకుడిలో ముందే ఉన్న సంస్కారాన్ని ఎక్కువగా కొలుస్తున్నదని ఇక్కడి ప్రతిపాదన. ఇది గణాంక సర్వే కాదు; ప్రచారంలో ఉన్న అభిప్రాయానికి రససిద్ధాంతం, గ్రహణ సిద్ధాంతం ఆధారంగా చేసిన వివరణ.

రెండు దూరాలు

చిత్రం విడుదలైన సంవత్సరం నుంచి లెక్కిస్తే 1526 నాటికి వెనుకకు 465 ఏళ్ళు, 2504కు ముందుకు 513 ఏళ్ళు. కాలప్రమాణం దృష్ట్యా రెండు గమ్యాలూ ప్రేక్షకుడికి ఇంచుమించు సమాన దూరంలో ఉన్నాయి. అనుభవం దృష్ట్యా మాత్రం ఒకటి ఇంటి పెరడు, మరొకటి పరాయి దేశం. ఈ అసమానతను వివరించడానికి మన అలంకార శాస్త్రంలోని ‘వాసన’ అనే భావన ఉపకరిస్తుంది. పూర్వానుభవాల వల్ల చిత్తంలో నిలిచిన సంస్కారమే వాసన. అది లేనివారికి రసాస్వాదం కలగదని ‘సాహిత్యదర్పణ’ కర్త విశ్వనాథుడు స్పష్టంగా చెప్పాడు. జర్మన్ విమర్శకుడు హాన్స్ రాబర్ట్ యౌస్ 1960ల చివర ప్రతిపాదించిన ‘ప్రతీక్షా పరిధి’ కూడా దీనికి సమీపంలోనిదే. పాఠకుడు ఏ రచననూ శూన్యం నుంచి అందుకోడు. అంతకుముందు చదివినవి, విన్నవి, చూసినవి కలిసి ఏర్పరచిన ఎదురుచూపులతో అందుకుంటాడు.

1526: గుర్తుపట్టే గతం

‘ఆదిత్య 369’ విజయనగరంలో అడుగుపెట్టిన ప్రేక్షకుడు ఆ నగరాన్ని కొత్తగా చూడడు, గుర్తుపడతాడు. చాటు కథలు, పిల్లల పత్రికలు, పాఠ్యపుస్తకాలు, రంగస్థలం అతడికి ఆ సభను ముందే చూపించాయి. సినిమా కూడా చూపించింది. ‘తెనాలి రామకృష్ణ’ (1956), ‘మహామంత్రి తిమ్మరుసు’ (1962) చిత్రాలలో ఎన్.టి. రామారావు రాయలుగా కనిపించారు. 1991లో ఆయన కుమారుడు అదే కిరీటం ధరించినప్పుడు ప్రేక్షకుడు రెండు కాలాలను కాదు, మూడింటిని ఒకేసారి చూశాడు: చారిత్రక విజయనగరం, నలుపు తెలుపుల విజయనగరం, కళ్ళ ముందున్న విజయనగరం. ఆస్థాన నృత్యగీతంలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంతో పాటు జిక్కి గొంతు వినిపించడం ఈ సంస్కారాన్ని మరింత బలపరచింది. 1950ల తెలుగు పాటలలో స్థిరపడిన స్వరం 1990లలో వినబడగానే శ్రోతకు అది ‘పాతకాలం’ అనిపిస్తుంది. ఆ పాతకాలం పదహారవ శతాబ్దమా, పాత సినిమా కాలమా అని అతడు వేరుచేసి చూడడు.

ఈ గుర్తింపు చరిత్ర మీద ఆధారపడినది కాదన్నది గమనార్హం. చిత్రంలో చంద్రమోహన్ పోషించిన తెనాలి రామకృష్ణుడు రాయల సభలోనే ఉంటాడు. ‘పాండురంగ మాహాత్మ్యం’ రచనాకాలాన్ని బట్టి ఆ కవిని రాయల తరువాతి కాలానికి చెందినవాడిగా భావించే సాహిత్య చరిత్రకారులున్నారు. ప్రేక్షకుడికి ఆ చర్చతో పనిలేదు. రామకృష్ణుడు లేని సభను చూపిస్తే అది చరిత్రకు దగ్గర కావచ్చు గాని ప్రేక్షకుడికి దూరమవుతుంది. కనుక ఈ ఘట్టాన్ని మెచ్చుకోవడంలో ‘ఇది నిజం’ అన్న నిర్ణయం కన్నా ‘ఇది మనది’ అన్న పరిచయం పాలు ఎక్కువ.

భాష విషయంలోనూ ఇదే స్థితి. రాజసభలో పాత్రలు ఎలా మాట్లాడాలో తెలుగు నాటకం, పౌరాణిక చిత్రం ముందే నిర్ణయించి పెట్టాయి. ఆ సభలో ఇరవయ్యో శతాబ్దపు యువకుడు నోరు విప్పగానే పుట్టే హాస్యానికి జంధ్యాల కొత్త పునాది వేయవలసిన అవసరం రాలేదు. గ్రాంథికానికీ వాడుకకూ మధ్య తెలుగువాడు దశాబ్దాల పాటు నడిపిన వివాదమే ఆ హాస్యానికి పునాది.

2504: పూరించుకోలేని ఖాళీ

భవిష్యత్తు ఘట్టంలో ప్రపంచయుద్ధానంతర కాలం కనిపిస్తుంది. రేడియేషన్ వల్ల భూమి ఉపరితలం నివాసయోగ్యం కాక మనుషులు భూగర్భంలో బతుకుతుంటారు. ఆలోచన బలమైనది, 1991 నాటికి అణుయుద్ధ భయం పాతబడినదీ కాదు. అయినా ప్రేక్షకుడు అక్కడ నిలవడు. తెరపై కనిపించే ప్రతి వస్తువునూ తన జ్ఞాపకంతో నింపుకొనే అవకాశం 1526లో అతడికి ఉంది. 2504లో తెరపై ఎంత ఉందో అంతే ఉంది. విజయనగరపు కట్టడం అట్ట, సున్నాలతో వేసిన సెట్ అని తెలిసినా దాని వెనుక హంపి శిథిలాలను ఊహించుకోగలడు. భవిష్యత్ నగరపు లోహపు గోడ వెనుక ఊహించుకోవడానికి అతడికి ఏమీ లేదు. కనుక గోడలోని లోపమే ముందు కంటబడుతుంది.

ఇక్కడా భాష ప్రశ్న ఉంది. 2504 నాటి మనిషి ఏ తెలుగు మాట్లాడాలి? ఈ ప్రశ్నకు తెలుగు రచన గాని, రంగస్థలం గాని, సినిమా గాని అంతకుముందు అందరూ గుర్తుపట్టే సమాధానం తయారుచేయలేదు. గతానికి గ్రాంథికం ఉంది, వర్తమానానికి వ్యావహారికం ఉంది, భవిష్యత్తుకు స్థిరపడిన శైలి లేదు. రచయిత ఎంత సమర్థుడైనా ఒక్క చిత్రంలో ఒక్కడే ఒక శైలిని పుట్టించి దానికి వాసనను కూడా సమకూర్చలేడు.

సైన్స్ ఫిక్షన్‌ను డార్కో సువిన్ 1979లో వెలువడిన తన గ్రంథంలో ‘జ్ఞానాత్మక అపరిచితీకరణ’గా నిర్వచించాడు. తెలిసిన లోకాన్ని తెలియనిదిగా చేసి, దానిని గురించి ఆలోచింపజేయడం ఆ ప్రక్రియ లక్షణం. ఈ ప్రమాణంతో చూస్తే ‘ఆదిత్య 369’లో అసలైన సైన్స్ ఫిక్షన్ రెండవ ఘట్టమే; మొదటిది కాలయంత్రం సాయంతో చేరుకున్న జానపద చారిత్రకం. ప్రేక్షకుడు మెచ్చినది పరిచయాన్ని, మెచ్చనిది అపరిచయాన్ని. ఆ ప్రక్రియకు ప్రాణమైన అంశమే అతడికి లోపంగా తోచింది.

నిర్మాణలోపమే కారణమా?

ఈ వాదానికి వెంటనే వచ్చే ఆక్షేపణ ఒకటుంది. భవిష్యత్తు ఘట్టం నిజంగానే బలహీనంగా తీశారు, అందుకే నచ్చలేదు, దీనికి సిద్ధాంతాలెందుకు అన్నది ఆ ఆక్షేపణ. అందులో కొంత సత్యముంది. 1991 నాటి తెలుగు పరిశ్రమకు భవిష్యత్ లోకాన్ని నిర్మించే సాంకేతిక వనరులు పరిమితం. ఛాయాగ్రహణాన్ని పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్‌లాల్ ముగ్గురు నిర్వహించడం వల్ల ఘట్టాల మధ్య దృశ్యస్వభావంలో భేదమూ ఉంది. అయితే వనరులే కారణమైతే, అవి పెరిగిన తరువాత తెలుగు సినిమా భవిష్యత్తులో స్వేచ్ఛగా సంచరించి ఉండాలి. అలా జరగలేదు. 2022లో వచ్చిన ‘బింబిసార’ ప్రాచీన రాజును వర్తమానంలోకి తెచ్చింది. అదే ఏడాది వచ్చిన ‘ఒకే ఒక జీవితం’ నాయకుణ్ణి బాల్యంలోకి పంపింది. రెండింటిలోనూ ఆకర్షణ గతానిదే. సింగీతం మార్గదర్శకత్వం కూడా పొందిన నాగ్ అశ్విన్ చిత్రం ‘కల్కి 2898 ఏడీ’ (2024) భారీ వ్యయంతో భవిష్యత్తును నిర్మించింది గాని, కురుక్షేత్రాన్నీ అశ్వత్థామనూ తోడు తీసుకొని గాని అక్కడికి వెళ్ళలేదు. భవిష్యత్తుకు వాసన లేదని గ్రహించి, ఇతిహాసపు వాసనను దానికి పట్టించిన చిత్రమది. ప్రేక్షకుల తీర్పును పరిశ్రమ ఎంత చక్కగా చదువుకున్నదో దీనివల్ల తెలుస్తుంది.

అనుకరణ అన్న రెండవ అభిప్రాయానికీ ఇక్కడే సమాధానం దొరుకుతుంది. హెచ్.జి. వెల్స్ 1895 నాటి నవలలో యాత్రికుడి ప్రధాన గమ్యం 8,02,701వ సంవత్సరం. చారిత్రక గతంలోకి అతడు అడుగు పెట్టడు. 1985 నాటి ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ ముప్పై ఏళ్ళు వెనుకకు, నాయకుడి తల్లిదండ్రుల యౌవనంలోకి వెళుతుంది. ఒకటి జాతి అంతాన్ని, మరొకటి కుటుంబ ఆరంభాన్ని చూపిస్తే, ‘ఆదిత్య 369’ ఒక భాషా సమాజం తన స్వర్ణయుగంగా భావించే కాలానికి వెళ్ళింది. యంత్రం అరువు తెచ్చుకున్నదే కావచ్చు; గమ్యం ఎంపిక మాత్రం తెలుగువాడిది.

మూడవ అభిప్రాయం యంత్రానికి సంబంధించినది. సింగీతం ‘మాయాబజార్’ (1957)కు కె.వి. రెడ్డి వద్ద సహాయకుడిగా పనిచేశారు. అందులోని ప్రియదర్శిని పేటిక దూరాన్ని జయిస్తే, ఈ యంత్రం కాలాన్ని జయిస్తుంది. అద్భుత రసానికి స్థాయి అయిన విస్మయం తెలుగు ప్రేక్షకుడికి ఇటువంటి వస్తువుల ద్వారా ముందే అలవాటు. వాసన ఉన్నచోట యంత్రమైనా రసాలంబనమవుతుందని బాల్యస్మృతులే నిరూపిస్తున్నాయి. శాస్త్రం తెలుగువాడికి ఎక్కదనే మాట అందువల్ల నిలవదు.

పొదిలి నుంచి చూస్తే

ప్రేక్షకుడు అనే మాటను స్థలం లేని భావనగా వదిలివేస్తే ఈ చర్చ అసంపూర్ణం. ఒంగోలు నుంచి మార్కాపురం వెళ్ళే దారిలోని పొదిలిని తీసుకుందాం. 1970లో కొత్త జిల్లా ఏర్పడేవరకు ఇది దర్శకుడు సింగీతం పుట్టిన నెల్లూరు జిల్లాలోనిదే. రాయలు 1514లో ఉదయగిరిని, 1515లో అద్దంకి, వినుకొండ మొదలైన దుర్గాలతో పాటు కొండవీడును జయించాడు. ఆ దండయాత్ర సాగిన సీమలోనే పొదిలి ఉంది. పశ్చిమాన కంభం చెరువును స్థానిక సంప్రదాయం విజయనగర కాలపు కట్టడంగా చెబుతుంది. అంటే ఇక్కడి ప్రేక్షకుడికి రాయలకాలం తెరమీది సభ మాత్రమే కాదు, ఇప్పటికీ నీరు నిలిచే చెరువు కట్ట కూడా.

భవిష్యత్తు సంగతి వేరు. కంది, పత్తి, మిరప పండించే ఈ మెట్ట ప్రాంతంలో వాన తప్పితే బోరే దిక్కు. ఆ బోరు నీటిలోనూ చాలాచోట్ల ఫ్లోరైడ్ బెడద. శ్రీశైలం జలాశయం నుంచి సొరంగాల ద్వారా కృష్ణా జలాలను తేవలసిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. నడికుడి–శ్రీకాళహస్తి రైలుమార్గం ఏళ్ళుగా అంచెలంచెలుగా సాగుతున్నది. ఇటువంటి చోట భవిష్యత్తు అనే మాట ఊహకు కాక హామీకి పర్యాయపదమవుతుంది. హామీని వినడం అలవాటైన చెవికి ఊహను వినే ఓపిక తగ్గడం సహజం. 2504 నాటి భూగర్భ జీవనం ఇక్కడి ప్రేక్షకుణ్ణి కదిలించకపోవడానికి అది మరీ దూరంగా ఉండడం ఒక్కటే కారణం కాదు. ఆ లోకంలో అతడి పొలం, అతడి నీరు, అతడి యాస ఏమయ్యాయో చిత్రం చెప్పదు. నిజానికి 1526 ఘట్టంలోనూ అవి లేవు. దండు నడిచిన దారిలోని రైతు ఆ సభలో కనిపించడు. అయితే గతంలో తాను లేకపోవడాన్ని ప్రేక్షకుడు వైభవం మాటున మరచిపోగలడు. భవిష్యత్తులో తాను లేకపోవడం అతడికి వెంటనే తెలిసిపోతుంది. ఆ ఘట్టం తేలిపోయిందన్న మాటలో ఈ ఎరుక కూడా కొంత ఉంది.

ముగింపు

ప్రేక్షకాభిప్రాయాన్ని అజ్ఞానంగా కొట్టివేయడమూ, అంతిమ తీర్పుగా స్వీకరించడమూ రెండూ విమర్శకు తగవు. ‘ఆదిత్య 369’ విషయంలో ఆ అభిప్రాయం అనుభవ వర్ణనగా సరైనది; విలువ నిర్ణయంగా పునఃపరిశీలించవలసినది. రెండవ ఘట్టం సాధించలేకపోయినది ఆ ఒక్క చిత్రపు వైఫల్యం కాదు. భవిష్యత్తును ఊహించే సంస్కారాన్ని కథ, నాటకం, పాఠ్యపుస్తకం తగినంతగా అందించని సాహిత్య వాతావరణానికి అది ఫలితం. విజయనగరానికి వాసన నాలుగు శతాబ్దాల చాటువుల నుంచీ కథల నుంచీ వచ్చింది. రాబోయే కాలానికి అది ఎక్కడి నుంచో తనంత తాను రాదు.

ఈ దిశలో తెలుగు శాఖలు చేయదగిన పనులు రెండు. మొదటిది, తెలుగు సైన్స్ ఫిక్షన్ కథలను, నవలలను, వాటిలో భావికాలపు మనుషులు మాట్లాడే భాషను ప్రత్యేక పరిశోధనాంశంగా స్వీకరించడం. రెండవది, పొదిలి వంటి ఊళ్ళలో 1991లో ఈ చిత్రాన్ని చూసినవారి అభిప్రాయాలను, 2025లో చూసిన వారి పిల్లల అభిప్రాయాలను వారి మాండలికంలోనే సేకరించి పోల్చడం. ఆ రెండు తరాలలో ఎవరికైనా 2504 కొంచెం దగ్గరగా తోచి ఉంటే, అందుకు కారణం ఏమిటన్నది తరువాతి పరిశోధన తేల్చవలసిన విషయం.