పండగ రైళ్ల వార్తలు: ఆర్భాటం ఎంత? సమాచారం ఎంత?

సంక్రాంతికి వారం ముందు ఏ తెలుగు దినపత్రిక హైదరాబాదు సంచిక తీసుకున్నా మీకు దాదాపు ఒకే పేజీ కనిపిస్తుంది. సికింద్రాబాదు స్టేషన్ ప్లాట్‌ఫారం మీద తలలు తప్ప మరేమీ కనబడని ఫోటో, దాని పైన నాలుగు కాలమ్‌ల శీర్షిక. ఆ శీర్షికలో ‘కిటకిట’, ‘నరకయాతన’, ‘చుక్కలు’, ‘పోటెత్తిన జనం’ అనే మాటల్లో కనీసం ఒకటి ఉంటుంది. ఇటువంటి కథనాన్ని విమర్శ దృష్టితో ఎలా చదవాలో ఈ భాగంలో చూద్దాం.

మీరు మదీనాగూడలో గది అద్దెకు తీసుకుని, పగలు హైటెక్ సిటీలో పనిచేస్తూ, రాత్రి ఈ పాఠాలు చదువుకుంటున్నారనుకోండి. సొంత ఊరు కాకినాడ దగ్గర. లింగంపల్లి స్టేషన్ మీకు పక్కనే ఉంది. గౌతమి ఎక్స్‌ప్రెస్ అక్కడే బయలుదేరుతుంది. తిరుపతి వైపు వెళ్లేవారికి నారాయణాద్రి, విశాఖ వైపు వెళ్లేవారికి జన్మభూమి కూడా అక్కడి నుంచే ఉన్నాయి. మీకు పత్రిక నుంచి కావలసింది చాలా చిన్న సంగతి. సీటు దొరికే ఆశ ఉందా, ఉంటే ఏ స్టేషన్‌కు వెళ్లాలి? సికింద్రాబాదు రద్దీ ఫోటో ఈ రెంటికీ జవాబు చెప్పదు. 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమైంది. ఆ పండగకు కొన్ని ప్రత్యేక రైళ్లు అక్కడి నుంచి నడిచాయి. మదీనాగూడ వాసికి చర్లపల్లి అంటే నగరానికి అటు చివర. కథనంలో ఆ ఒక్క పేరు ఏ మూలన ఉందో వెతుక్కోవలసి వస్తే, పత్రిక తన పని చేయనట్టే.

ఇక ‘చాంతాడంత వెయిటింగ్ లిస్టు’. ఈ పదబంధం ఎంత అరిగిపోయిందంటే, చాంతాడు ఎప్పుడూ చూడని తరం కూడా దాన్నే రాస్తోంది. దాని పక్కన వేసే అంకెను మాత్రం జాగ్రత్తగా చూడండి. మూడు వందలు అని రాస్తారు. ఏ తరగతిలో? ఏ కోటాలో? రైలు బయలుదేరే చోటి నుంచి ఎక్కేవారికి సాధారణంగా వర్తించే జనరల్ వెయిటింగ్ లిస్టు వేరు, మధ్య స్టేషన్ల వారి కోటాలు వేరు. అదే అంకె ఒకదానిలో కొంత ఆశ, మరొకదానిలో నిరాశ. ‘రిగ్రెట్’ అన్న మాటా అంతే. ఆ తరగతిలో నిరీక్షణ జాబితా పరిమితి నిండిపోయిందని దాని అర్థం. రైలే లేదన్నట్టు ధ్వనింపజేస్తే అది వార్త కాదు, బెదిరింపు.

అసలు ఆ కథ జనవరిలో రాయవలసినదే కాదు. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. కొత్త గడువు కింద వచ్చిన మొదటి సంక్రాంతి 2026లోది. అంటే ఆ పండగ టిక్కెట్ల సంగతి నవంబరు మధ్యలోనే తేలిపోతుంది. అప్పుడు రాస్తే పాఠకుడు మేలుకుంటాడు. జనవరిలో ఆశ్చర్యం నటించడం వల్ల ఎవరికీ ఒరిగేది లేదు. ప్రత్యేక రైళ్ల ప్రకటన రాగానే ‘శుభవార్త’ అని వేసే పత్రికలు, ప్రత్యేక ఛార్జీతో నడిపే వాటిలో స్లీపర్, ఏసీ తరగతులకు మూల ఛార్జీపై 30 శాతం దాకా అదనంగా పడుతుందన్న మాటను చివరి పేరాలోకి తోసేస్తాయి, లేదా వదిలేస్తాయి.

ఇప్పుడు క్రియాపదాలు చూడండి. జనం పోటెత్తారు, వెల్లువెత్తారు, జనసంద్రమైంది. అన్నీ నీటి మాటలే. వరదకు బాధ్యులెవరూ ఉండరు. దానంతట అది వస్తుంది. ప్రయాణికుడిని వరద చేశాక, జనరల్ బోగీలు ఎన్ని పెట్టారు, రైళ్లను ఎన్ని రోజుల ముందు ప్రకటించారు అనే ప్రశ్నలు మాయమవుతాయి. సంచలనాత్మకత అధికారులను ఇరుకున పెడుతుందని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం దీనికి విరుద్ధం. ఎక్కువసార్లు అది వారిని కాపాడుతుంది.

నిజమైన అంతరాయం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి 2024 సెప్టెంబరు 1ని గుర్తు చేసుకోండి. వినాయక చవితికి ఆరు రోజుల ముందు, భారీ వర్షాలకు మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింద కంకర, మట్టి కొట్టుకుపోయాయి. కాజీపేట, విజయవాడల మధ్య రాకపోకలు నిలిచిపోయాయి. మళ్లీ రైలు కదిలింది 4వ తేదీన. గాలిలో వేలాడుతున్న పట్టాల ఫోటోకు విశేషణం అక్కరలేదు. అయినా శీర్షికలకు అలవాటైన మాటలే కావలసివచ్చాయి. జనవరిలోనే ‘నరకం’ ఖర్చు పెట్టేసిన పత్రికకు సెప్టెంబరులో వాడటానికి ఏం మిగులుతుంది? అలాంటి రోజుల్లో రైల్వే ప్రకటనలు పూర్తిగా రద్దయినవి, పాక్షికంగా రద్దయినవి, దారి మళ్లించినవి, వేళ మార్చినవి అని విడివిడిగా ఇస్తాయి. అన్నిటినీ కలిపి ‘ఇన్ని వందల రైళ్లు రద్దు’ అంటే, దారి మళ్లిన రైలులో ఊరు చేరగలిగిన మనిషి టిక్కెట్టు రద్దు చేసుకుంటాడు. అంకెల్లో మరో మెలిక: ఒకే రైలు రానూపోనూ రెండు నంబర్లు, మూడు రోజులకు ఆరు లెక్కలు.

అలాగని రైల్వే ప్రకటనను యథాతథంగా అచ్చువేయడం పరిష్కారం కాదు. 2025 ఫిబ్రవరి 15 రాత్రి, కుంభమేళా రద్దీలో న్యూఢిల్లీ స్టేషన్‌లో 18 మంది చనిపోయారు. మొదట్లో తొక్కిసలాటే జరగలేదన్న ధోరణిలో అధికారిక మాటలు వినిపించాయి. అక్కడ విలేకరి ఆసుపత్రికి వెళ్లి అడగవలసిందే, గొంతు పెంచవలసిందే. ప్రతి పండగకూ ఒకే స్థాయిలో అరిచే పేజీకి వచ్చే చిక్కు ఇక్కడే ఉంది. ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మీద రద్దీ నిజంగా ప్రాణాంతకంగా మారిన రోజున, ఏటా వచ్చే ‘కిటకిట’కు దానికి తేడా పాఠకుడికి తెలియదు.

విలేకరినే తప్పుపట్టడం సులభం. చాలాచోట్ల గ్రామీణ, శివారు విలేకరులకు అచ్చయిన వార్త పొడవును బట్టే ‘లైన్ అకౌంట్’ చెల్లిస్తారు. రాత్రి గడువులోగా పేజీ నింపవలసిన డెస్కుకు సిద్ధంగా ఉండే సరుకు పండగ రద్దీ. ఇది కారణమే, సమర్థన కాదు. శీర్షికలు సంచలనాత్మకంగా ఉండరాదని, కింద ఉన్న విషయానికి తగినట్టుగా ఉండాలని భారత ప్రెస్ కౌన్సిల్ ప్రవర్తనా నియమాలు స్పష్టంగానే చెబుతున్నాయి.

అభ్యాసం: రాబోయే పండగకు ముందు ఒకే రోజు వెలువడిన రెండు దినపత్రికల నుంచి రైలు రద్దీ కథనాలు కత్తిరించి పెట్టుకోండి. విశేషణాలన్నిటినీ పెన్సిలుతో కొట్టేయండి. మిగిలిన వాక్యాలతో మీ ఊరికి వెళ్లవలసిన రైలు, స్టేషన్, ఛార్జీ తెలుస్తున్నాయేమో 20 పంక్తులకు మించకుండా రాయండి. ఫోటో కింద ‘ఫైల్’ అని చిన్న అక్షరాల్లో ఉందేమో కూడా చూడండి.