సెల్ఫ్ మార్చే ముందు వైరింగ్ చదవాలి

కీ తిప్పితే ‘టక్’మని ఒక్క చప్పుడు. డ్యాష్‌బోర్డు లైటు మసకబారుతుంది, ఇంజన్ మాత్రం కదలదు. పాత అంబాసిడర్ ఉన్నవాళ్లందరికీ తెలిసిన జబ్బే ఇది. వరంగల్ ఆటోనగర్‌లోనైనా, హన్మకొండలో రోడ్డు పక్క షెడ్డులోనైనా పని తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ నేరుగా సెల్ఫ్ మోటార్ మీద చెయ్యి వేయడు. బానెట్ ఎత్తి, బ్యాటరీలో ఏ కొన బాడీకి కలిసిందో ముందు చూస్తాడు. ఉన్నది డైనమోనా, ఆల్టర్నేటరా? సోలినాయిడ్ గోడకు ఉందా, మోటార్ మీదే ఉందా? ఇవి తేలాకే స్పానర్ అందుకుంటాడు.

అంత జాగ్రత్త ఎందుకంటే, ఆ కారు ఇప్పుడు ఏ పుస్తకంలోనూ ఉన్నట్టుగా లేదు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ 1957 నుంచి 2014 దాకా అంబాసిడర్‌ను తయారుచేసింది. దాని మూలం బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. ఇన్నేళ్లలో పై రూపం పెద్దగా మారలేదు గానీ ఇంజన్లు మాత్రం సైడ్ వాల్వ్ నుంచి 1489 సీసీ పెట్రోలుకు, అక్కడి నుంచి డీజిల్‌కు, 1990లలో ఇసుజు 1.8 లీటర్లకు మారుతూ వచ్చాయి. ఇవి కంపెనీ చేసిన మార్పులు. ఊళ్లలో జరిగినవి ఇంకా ఎక్కువ. పెట్రోలు బండికి డీజిల్ ఇంజన్ ఎక్కించారు. లూకాస్ కంపెనీ 22 ఆంపియర్ల డైనమో తీసేసి, అంతకు రెట్టింపు కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ బిగించారు. పాత కటౌట్ బాక్సు తీగలు కలుపుకునే డబ్బాగా మిగిలింది. ఒక్కో మార్పు ఒక్కో చేతిది, ఒక్కో కాలానిది. వాటిని వరుసగా చదవగలగడమే ఈ పనిలో అసలు విద్య.

చదవడానికి రంగులు సాయపడతాయి. లూకాస్ పద్ధతిలో గోధుమరంగు తీగ బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు మోస్తుంది, తెలుపు ఇగ్నిషన్‌ది, ఆకుపచ్చ ఫ్యూజు దాటి వచ్చేది, నలుపు ఎర్త్. నలభై ఏళ్ల ధూళిలో గోధుమా ఎరుపూ ఒకటైపోయాక మాత్రం టెస్ట్ ల్యాంపే దిక్కు. ఒక కొన ఎర్త్‌కు తగిలించి, మరో కొనతో తీగ వెంట పోతూ కాగితం మీద గీసుకోవాలి. ఈ గీతకు పట్టే పూటను వృథా అనుకునేవాళ్లు తర్వాత రెండు రోజులు వెతుక్కుంటారు.

మోటార్ నిజంగా పోయిందా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. స్టార్ట్ చేసేటప్పుడు సెల్ఫ్ 150, 200 ఆంపియర్ల దాకా లాగుతుంది. అంత ప్రవాహంలో ఓంలో నూరో వంతు నిరోధం ఉన్నా రెండు వోల్టులు దారిలోనే పోతాయి. 12 వోల్టుల బ్యాటరీకి అది పెద్ద నష్టం. పైగా ఓరుగల్లు ఎండల్లో వేడెక్కిన రాగి మరింత మొండికేస్తుంది. వేడి 50 డిగ్రీలు పెరిగితే రాగి నిరోధం దాదాపు 20 శాతం పెరుగుతుంది. అందుకే తెల్లవారుజామున అందుకున్న ఇంజన్ మే నెల మధ్యాహ్నం అందుకోదు. మీటరు ఒక కొన బ్యాటరీ ప్లస్ మీద, రెండోది సెల్ఫ్ బోల్టు మీద పెట్టి కీ తిప్పితే, అర వోల్టు మించి చూపకూడదు. మించితే తప్పు కేబుల్‌దో, థింబుల్‌దో, సోలినాయిడ్‌దో. మోటార్‌ది కాదు.

ఎర్త్ వైపు కూడా అంతే శ్రద్ధ కావాలి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. రబ్బరులో కరెంటు పోదు కాబట్టి ఇంజన్‌కూ బాడీకీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది. ఇంజన్ దించినప్పుడు దాన్ని విప్పి, ఎక్కించాక మరిచిపోవడం మామూలే. అప్పుడు అన్ని ఆంపియర్లూ యాక్సిలరేటర్ కేబులో, చోక్ వైరో వెతుక్కుంటాయి. సెల్ఫ్ కొట్టగానే చోక్ వైరు కాలిందంటే ఆ పట్టీ లేదని అర్థం. ఎన్ని సెల్ఫులు మార్చినా ఆ జబ్బు కుదరదు.

మోటార్‌దే తప్పని తేలినా, పాత లూకాస్‌ను వెంటనే పారేయాల్సిన పనిలేదు. ఈ విషయంలో పాత మేస్త్రీల పద్ధతే మేలు. ఆర్మేచర్‌ను గ్రోలర్ మీద పెట్టి షార్టు చూస్తారు, కామ్యుటేటర్ నునుపు చేసి రాగి పలకల మధ్య అభ్రకాన్ని కాస్త లోతుకు గీస్తారు, కార్బన్లు మారుస్తారు. కొత్త బుష్‌ను ఒక రోజంతా ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టి మరీ ఎక్కిస్తారు. రంధ్రాలున్న ఆ కంచు తాగిన నూనే తర్వాత దానికి తిండి. పినియన్‌ను ముందుకు తోసే బెండిక్స్‌కు మాత్రం చుక్క నూనె తగలనివ్వరు. నూనె పడితే క్లచ్ ధూళి అంటుకుని, పినియన్ మరల వెంట జారదు; మోటార్ గిర్రున తిరుగుతుంది, ఇంజన్ కదలదు.

పాత సెల్ఫ్ ఇక లాభం లేదనుకున్నప్పుడు కొత్త తరహా వస్తుంది. ఇది చిన్నది, తేలిక, లోపల గేర్లతో బలం పెంచుకునేది. డీజిల్ ఇంజన్ ఎక్కించిన బండికైతే ఆ బలం తప్పనిసరి. పినియన్ పళ్లు, తిరిగే దిశ, బోల్టుల దూరం పాతదానితో సరిపోవాలి. తర్వాత చూడాల్సింది పోలారిటీ. 1950లలో బ్రిటిష్ కార్లు చాలావరకు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొన బాడీకి కలిసేది. ఆల్టర్నేటర్ పెట్టినప్పుడు దాన్ని నెగటివ్‌కు మార్చారు. పాత లూకాస్ మోటార్‌లో ఫీల్డు కూడా తీగచుట్టే కాబట్టి కరెంటు తిరగేస్తే రెండు అయస్కాంతాలూ ఒకేసారి తిరగబడతాయి, మోటార్ ఎప్పటి దిశలోనే తిరుగుతుంది. శాశ్వత అయస్కాంతాలున్న కొత్త సెల్ఫ్ అలా కాదు. పాజిటివ్ ఎర్త్ బండిలో అది ఎదురు తిరుగుతుంది. బ్యాటరీ కొన మొదటే చూసేది ఇందుకే.

కనెక్షన్ ఇవ్వడానికి రెండు దారులున్నాయి. సులువైనది, గోడ మీది పాత సోలినాయిడ్‌ను అలాగే ఉంచి, దాని నుంచి వచ్చే లావు కేబుల్‌ను కొత్త సెల్ఫ్‌కు బిగించి, అక్కడే చిన్న టెర్మినల్‌కు ఒక ముక్క తీగ కలపడం. చాలామంది ఇదే చేస్తారు, బండి స్టార్టూ అవుతుంది. కానీ కీ వదిలాక కూడా తిరుగుతున్న మోటార్ తానే కాసేపు కరెంటు పుట్టించి సోలినాయిడ్‌ను పట్టి ఉంచుతుంది. పినియన్ ఆలస్యంగా వెనక్కి వస్తుంది, ఫ్లైవీల్ రింగు పళ్లు అరుగుతాయి. కాబట్టి రెండో దారే సరైనది. బ్యాటరీ కేబుల్ నేరుగా సెల్ఫ్‌లో 30 నంబరు బోల్టుకు పోవాలి. కొత్త సోలినాయిడ్ లాగే క్షణంలో ముప్పై ఆంపియర్లకు పైగా అడగవచ్చు. పాత కీ స్విచ్ కాంటాక్టులు దానికి కాలిపోతాయి. అందుకని మధ్యలో రిలే ఉండాలి. కీ నుంచి వచ్చే తీగ రిలేలో 86కు, ఎర్త్ 85కు, ఫ్యూజు దాటిన బ్యాటరీ లైను 30కి, 87 నుంచి సెల్ఫ్ చిన్న టెర్మినల్‌కు. ఇదంతా చేసే ముందు బ్యాటరీ ఎర్త్ విప్పాలని వేరే చెప్పక్కర్లేదు.

ఇంజన్ కీ తిప్పినంతసేపూ అందుకోక, వదలగానే అంటుకుందా? అయితే కాయిల్ ముందు బ్యాలస్ట్ రెసిస్టర్ ఉన్నట్టు. కొన్ని పాత సోలినాయిడ్లలో స్టార్టింగ్ వేళ కాయిల్‌కు పూర్తి వోల్టేజీ ఇచ్చే అదనపు కొన ఉంటుంది. కొత్తదానికి అది లేకపోతే మరో రిలేతో ఆ దారి కల్పించాలి.

ఈ మార్పులతో కారు అసలుతనం పోతుందనేవాళ్లూ ఉన్నారు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మారని బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తున్నాయి. ఇంజనే మారిన బండి సంగతి వేరు. పాత ఇంజన్‌తోనే నడిచే బండికి రిలే, కొత్త సెల్ఫ్ పెడితే రేపు విప్పి పాతవి బిగించుకోవచ్చు. తీసిన లూకాస్ మోటార్‌ను గ్రీజు కాగితంలో చుట్టి దాచాలి, తీగలు కోయకుండా కలపాలి.

లోటు ఒక్కటే. షెడ్డులో గీసిన ఆ కాగితం పని అయ్యాక చెత్తబుట్టలోకి పోతుంది. కాజీపేట దారిలో, 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన కాలేజీ నేటి ఎన్‌ఐటీగా ఉంది. అక్కడి ఎలక్ట్రికల్ విద్యార్థులు సెలవుల్లో నాలుగు షెడ్లు తిరిగి, మార్చిన అంబాసిడర్ల సర్క్యూట్లు తీగ రంగుతో, మందంతో, ఫ్యూజు విలువతో సహా గీసి, ఒక ప్రతి మేస్త్రీకీ మరొకటి యజమానికీ ఇస్తే, తర్వాత బానెట్ ఎత్తేవాడు టెస్ట్ ల్యాంపుతో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.