రైబోఫ్లేవిన్ - కోడి దాణా, మనిషి బియ్యం

గోదావరి డెల్టాలో అనపర్తి, బిక్కవోలు, తణుకు ప్రాంతాలు కోళ్ల పెంపకానికి పేరుపొందినవి. ఫారానికి పోయే దాణాలో మొక్కజొన్న ఎంత, సోయా పిండి ఎంత, తవుడు ఎంత అన్న లెక్క ఉన్నట్లే విటమినులకూ లెక్క ఉన్నది. కోడిపిల్ల తినే కిలో దాణాలో 3.6 మిల్లీగ్రాముల రైబోఫ్లేవిన్, అనగా బి2 విటమిను, ఉండాలని అమెరికా జాతీయ పరిశోధక మండలి 1994 నాటి పట్టిక నిర్ణయించినది. అదే డెల్టాలో పండి, మరాడించి తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో కిలోకు ఉండే రైబోఫ్లేవిన్ సుమారు అర మిల్లీగ్రాము మాత్రమే.

ఈ పోలిక పూర్తిగా న్యాయమైనది కాదనే మాట నిజమే. కోడిపిల్ల కొద్ది వారాలలోనే అనేక రెట్లు పెరుగుతుంది. పైగా దానికి దాణా తప్ప వేరే ఆహారం లేదు. మనిషి అన్నంతోపాటు పప్పు, ఆకుకూర, మజ్జిగ తింటాడు. అయితే పప్పు పలుచన, మజ్జిగ మరీ పలుచన అయిన ఇళ్లలో ఈ తేడా ఏపాటిది? భారత వైద్య పరిశోధక మండలి 2020 నాటి సిఫారసు ప్రకారం తేలిక పని చేసే పురుషునికి దినానికి 2 మిల్లీగ్రాముల రైబోఫ్లేవిన్ కావాలి. నాలుగు వందల గ్రాముల బియ్యం ఇచ్చేది అందులో పదవ వంతు. గంజి వార్చి పారబోస్తే అందులోనూ కొంత పోతుంది. ఇది నీటిలో కరిగే విటమిను గదా!

రైబోఫ్లేవిన్ పసుపుపచ్చని పదార్థము. బి-కాంప్లెక్సు మాత్ర వేసుకున్నవారికి మూత్రం చిక్కని పసుపుగా రావడానికి కారణం ఇదే. 1933లో కూన్, ఆయన సహచరులు దీనిని శుద్ధరూపంలో వేరుచేశారు. 1935లో కూన్, కారర్ ప్రయోగశాలలు వేర్వేరుగా దీనిని కృత్రిమంగా తయారుచేశాయి. నేడు కర్మాగారాలలో దీనిని చేసిపెట్టేవి సూక్ష్మజీవులే. వాటిలో ఒకటైన ఆష్‌బియా గాసిపీ అనే బూజు, నిజానికి పత్తికాయకు తెగులు తెచ్చే జీవి. జీవకణంలో ఈ విటమిను రెండు సహ ఎన్‌జైములుగా మారి, తిన్న ఆహారం నుండి శక్తిని రాబట్టే పనిలో తోడ్పడుతుంది.

ఇది చాలని కోడిపిల్లకు కాలి నరాలు వాచి, వేళ్లు లోపలికి ముడుచుకుపోతాయి. అది నడవలేక మడమలపై కూలబడుతుంది. పెట్టకు చాలకపోతే పొదిగిన గుడ్లలో పిండాలు మధ్యలోనే చనిపోతాయి. ఫారం యజమానికి ఈ నష్టం కొద్ది రోజులలోనే కంటికి కనిపిస్తుంది, ఖాతా పుస్తకంలోకి ఎక్కుతుంది. అందుచేత దాణాలో ఈ విటమిను తక్కువైతే ఊరుకునేవారు లేరు. గేదె విషయం వేరు. వరిగడ్డి నెమరువేసే ఆ జంతువు తొలి పొట్టలోని సూక్ష్మజీవులే దానికి కావలసిన రైబోఫ్లేవిన్‌ను తయారుచేస్తాయి. ఆ విధంగా గడ్డి నుండి పుట్టిన విటమిను పాలలోకి వచ్చి ఇంటికి చేరుతుంది.

మనిషికి లోపం కలిగితే పెదవుల మూలలు పగులుతాయి, నాలుక ఎర్రబడి మండుతుంది. "నోరు పూసింది, వేడి చేసింది" అని అనుకొని రెండు రోజులు కారం మానివేయడమే గోదావరి జిల్లాలలో దీనికి సాధారణ వైద్యం. ఎవరూ చనిపోరు, ఖాతాలోకి ఎక్కే నష్టమూ లేదు. దక్షిణ భారతదేశపు పిల్లల నోటి పూతకు బి2 లోపం కారణమని కూనూరు పరిశోధనశాలకు చెందిన ఐక్రాయిడ్, కృష్ణన్‌లు 1936లోనే వ్రాశారు. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. అక్కడ మెహతాబ్ బాంజీ ఎర్ర రక్తకణాలలోని ఒక ఎన్‌జైము చురుకుదనాన్ని కొలిచి, నోరు పూయని వారిలో కూడా దాగి ఉన్న రైబోఫ్లేవిన్ లోపాన్ని పట్టవచ్చునని 1969లో చూపారు. జబ్బూ తెలుసు, పరీక్షా తెలుసు అన్నమాట.

డెల్టాకు బియ్యం వల్ల కలిగే విటమిను లోపం కొత్త కాదు. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాలలో లేని బెరిబెరి, పచ్చి బియ్యాన్ని మరాడించి తినే ఉత్తర సర్కారు జిల్లాలలో పాతుకొని ఉండేది. దానికి కారణం బి1 లోపం. ధాన్యాన్ని ఉడికించి ఆరబెట్టి ఆడిస్తే బి1 చాలవరకు గింజలోనే నిలుస్తుంది. రైబోఫ్లేవిన్‌కు ఈ ఉపాయం పనికిరాదు. దంపుడు బియ్యంలో సైతం అది స్వల్పమే. ఉన్నదానిలో మెరుగైన భాగం తవుడుతోపాటు పశువులకు, కోళ్లకు పోతుంది.

ఇక అసలు విమర్శకు రావలసి ఉన్నది. రేషను ద్వారా బలవర్ధక బియ్యం పంచుతామని కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టు 15న ప్రకటించింది. 2028 డిసెంబరు వరకు కొనసాగించాలని 2024 అక్టోబరులో నిర్ణయించింది. ఆహార భద్రతా సంస్థ 2018 నాటి ప్రమాణాల ప్రకారం ఈ బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 తప్పనిసరి. రైబోఫ్లేవిన్ కిలోకు 1.25 నుండి 1.75 మిల్లీగ్రాముల వరకు కలపవచ్చునని ఉన్నది. కలిపి తీరాలని లేదు.

ఈ ఎంపికలో శాస్త్రరీత్యా ఒక లోటు ఉన్నది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1945లో అమెరికాలో కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లాన్నే తీసుకుందాం. శరీరంలో దాని నడకను నియంత్రించే ముఖ్యమైన ఎన్‌జైముకు రైబోఫ్లేవిన్ నుండి వచ్చే సహ ఎన్‌జైము ఉండాలి. ఇనుము సంగతీ ఇటువంటిదే. ఆఫ్రికాలోని గాంబియా పల్లెలలో ఒట్టి ఇనుము కంటె రైబోఫ్లేవిన్‌తో కలిపి ఇచ్చిన ఇనుము రక్తహీనతను మేలుగా తగ్గించినట్లు 1983లో ప్రచురించిన పరిశోధన తెలిపింది. ఇద్దరు పనివాళ్లను పిలిచి, వారికి పనిముట్లు అందించే మూడవవాణ్ణి ఇంటి దగ్గర వదలి రావడం వంటిది ఈ ప్రమాణం.

ప్రమాణం వ్రాసినవారి పక్షాన చెప్పదగినది రంగు. రైబోఫ్లేవిన్ కలిపిన గింజ పసుపుగా కనిపిస్తుంది. అమెరికాలోనూ బియ్యంలో రైబోఫ్లేవిన్ కలపాలన్న నిబంధనను 1958లో నిలిపివేయడానికి ఈ రంగే కారణం. రంగు తేడా లేని బలవర్ధక గింజలనే "ప్లాస్టిక్ బియ్యం" అని ఏరిపారేసిన ఇళ్లు ఆంధ్రదేశంలో ఉన్నవి; పసుపు గింజ చేటలో నిలుస్తుందా? ఇది తోసివేయదగిన వాదన కాదు. అయితే రంగు కారణంగా బియ్యంలో కలపలేకపోతే, ఆ విటమినును మరో దారిని అందించే బాధ్యత అక్కడితో తీరిపోదు. ఒక గుడ్డులో సుమారు 0.2 మిల్లీగ్రాములు, పావు లీటరు పాలలో సుమారు పావు మిల్లీగ్రామో అంతకు కొంచెం ఎక్కువో దొరుకుతుంది. పాలు గాజుసీసాలో ఎండకు ఉంచితే అదీ నశిస్తుంది. బడి భోజనంలో గుడ్డు పెడుతున్నారంటే అది మాంసకృత్తుల కోసమేనని చాలామంది అనుకొంటారు. కోడి దాణాలో తూచి కలిపిన ఈ పసుపు పదార్థం పిల్లవాడికి చేరే దారి కూడా ఆ గుడ్డే.

రంగు వాదన కంటె పెద్ద లోపం మరొకటి ఉన్నది. 2016-18లో దేశమంతటా జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో పిల్లల రక్తం తీసి ఇనుము నిల్వలు, ఫోలేటు, బి12, ఎ, డి విటమినులు, జింకు పరీక్షించారు. రైబోఫ్లేవిన్ ఆ జాబితాలో లేదు. హైదరాబాదులో 1969లోనే చేతికి వచ్చిన పరీక్షను, తీసిన ఆ రక్తంపైనే చేసి ఉండవచ్చు. ఇకముందు జరిగే సర్వేలోనైనా ఆ ఒక్క గడి చేర్చి, డెల్టా పల్లెలలో ఎందరికి ఈ లోపం ఉన్నదో తేల్చిన తరువాతనే బియ్యం ప్రమాణంలో రైబోఫ్లేవిన్‌ను ఐచ్ఛికంగా ఉంచాలా, తప్పనిసరి చేయాలా అనేది నిర్ణయించడం సబబు.