బొబ్బిలియుద్ధమునఁ గర్తృత్వవిచారము

దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రమును జదువువా రందలి వీరరసమును గొనియాడుట పరిపాటి. కొనియాడఁదగినదే. క్రీ. శ. 1757 జనవరి 24వ తేదిని బొబ్బిలికోటలో జరిగిన వృత్తాంతమును విని చలింపనివాఁ డరుదు. పెద్దాడ మల్లేశముపేర వ్యాపించిన జంగముకథయు, వేదము వేంకటరాయశాస్త్రిగారి నాటకమును నా రసమునే పోషించినవి. రంగరాయఁడు మానధనుఁడు, విజయరామరాజు మత్సరి, తాండ్ర పాపారాయఁడు పగ దీర్చినవాఁడు: ఇంచుమించుగాఁ గథ యంతయు నీ మువ్వురితోనే ముగియును. ఫ్రెంచిసేనాని బుస్సీ మాత్రము విజయరామరాజుచేతి కత్తివలెఁ గానవచ్చును. కత్తిని నిందించువారు లేరు గదా! అందుచేతఁ గాఁబోలు, ఫ్రెంచివారి దొరతనమునకే చేటు దెచ్చిన యీ మహాప్రమాదము లోకమున రెండిండ్ల పగగా మాత్రమే నిలిచిపోయినది. ప్రమాదశబ్దమునకు నేఁడు ఆపద యని వాడుక. అనవధానమే దాని తొలియర్థము. ఇచ్చట నా యర్థమే గ్రాహ్యము.

దేవదత్తుఁడు యజ్ఞదత్తునిచేత వంట చేయించినపుడు దేవదత్తుఁడు ప్రయోజకకర్త, యజ్ఞదత్తుఁడు ప్రయోజ్యుఁడు. ఇంతమాత్రముచేత వంటయందు యజ్ఞదత్తుని కర్తృత్వము పోదు. కట్టెలు కరణము లగును గాని యజ్ఞదత్తుఁడు కరణము గాఁడు. వండనని చెప్పుటకును నతనికి స్వాతంత్ర్యము గలదు. విజయరామరాజు ప్రయోజకుఁ డగుఁగాక. బుస్సీ ప్రయోజ్యకర్త. వానిని గరణముగాఁ జూపుట కావ్యమునకుఁ జెల్లునేమో కాని, చరిత్రవిచారమునకుఁ జెల్లదు.

అతఁడు మందమతియు గాఁడు. 1753లో సలాబతుజంగువలన నుత్తరసర్కారులను సంపాదించినవాఁడు. 1756లో నా ప్రభువే తన్నుఁ గొలువునుండి తొలఁగింపఁగా, హైదరాబాదునఁ జారుమహలునందుఁ గొలఁదిమందితో నిలిచి, తోడుదళము వచ్చువఱకుఁ బ్రతిఘటించి, మరలఁ బూర్వపదవి నందినవాఁడు. ఇట్టివాఁడు సర్కారుల నెమ్మది పఱుపవచ్చి, విజయనగరమువారి వాక్యమును బ్రమాణముగాఁ గొనెను.

ఆ శతాబ్దముననే యీ యుద్ధమును వర్ణించిన యాంగ్లేయచరిత్రకారుఁడు ఓర్ము. అతని కథన మిట్లున్నది. రంగరాయఁడు పిత్రార్జితమైన బొబ్బిలిని విడిచినచో మఱియొకచోట నంతకుఁ దీసిపోని భూమి నిచ్చెద నని బుస్సీ వర్తమాన మంపెను. ఈలోఁగా సిపాయిల దళ మొకటి బొబ్బిలియడవులగుండఁ బోవలసివచ్చెను. రంగరాయని సమ్మతిఁ బడయుభారము విజయరామరాజు వహించెను. దారిలో నాదళముపైఁ బెద్దగుంపు వచ్చిపడి ముప్పదిమందిని జంపెను. ఇది రంగరాయని పనియే యని విజయరామరాజు చెప్పెను, బుస్సీ నమ్మెను. దళము నపాయమున కొప్పగించుటయే విజయరామరాజు తలం పన్న ప్రవాదమును ఓర్మే చేర్చినాఁడు. ఆ ప్రవాదము నిజ మగుఁగాక, కాకపోవుఁగాక. అభియోగము దెచ్చినవాఁడే సాక్షి యైనపుడు రెండవపక్షమువానిని బిలిచి యడుగుట గ్రామపెద్దకు సైతము తెలిసిన ధర్మము. బుస్సీ ఫిరంగులతో నడిగెను!

కోటలోఁ బోరువారు రెండువందల యేఁబదిమంది. వెలుపల నేడువందల యేఁబదిమంది ఐరోపావారు, నాలుగు ఫిరంగులు, విజయరామరాజుయొక్క వేలకొలఁది బలగము. వేకువను మొదలైన పోరు సాయంకాలమునకు ముగిసెను. రంగరాయని యాజ్ఞచేత లోపలి స్త్రీలును బిడ్డలును దమవారిచేతనే హతులైరి. దీనిని మానరక్షణ మని పొగడువా రా బిడ్డలలో నొక్కనినైన నెవరైన నడిగిరా యని తలంపరు. ఇది యప్రస్తుత మనిపించవచ్చును. అయినను రంగరాయనికిఁ గల కర్తృత్వమును మఱువరాదు. అన్నిటి కడపట నొక వృద్ధుఁడు రంగరాయని కుమారునిఁ గొనివచ్చి ఫ్రెంచివారి కప్పగించెను. ఏ భూమిని వలదని తండ్రి ప్రాణముల విడిచెనో, ఆ భూమికే యా పసివానిని బ్రభువుగాఁ జేయ బుస్సీ నిశ్చయించెను. ఇది కరుణయో, పశ్చాత్తాపమో! మూఁడవనాఁటిరాత్రి విజయరామరాజు తన డేరాలోనే పొడువఁబడి మడిసెను. కవులకుఁ గథ యిచ్చటఁ బూర్తియైనది.

రాజనీతి కిచ్చటనే మొదలు. పరదేశమునఁ గొలఁదిసేనతో నేలువానికిఁ బరస్పరము సరితూఁగు రెండువంశములు పెట్టనికోట. బుస్సీ యొకదానిని దానే పడఁగొట్టెను. రెండవదానియం దే మిత్రునికై పడఁగొట్టెనో వాఁడు మూఁడుదినములలోఁ బోయెను. మిగిలినది, ఎదురులేని విజయనగరమును, ఫ్రెంచివారియెడఁ దృప్తిలేని యానందరాజును. ఇతఁడు 1758లో విశాఖపట్టణమును బట్టుకొని యింగ్లీషువారి జెండా యెత్తించి వారికి జాబులు వ్రాసెను. చెన్నపురివారు సాహసింపరైరి. వంగదేశమునుండి క్లైవు కర్నలు ఫోర్డును బంపెను. డిసెంబరులోఁ బిఠాపురపుఁబ్రాంతమునఁ జందుర్తికడఁ గాన్‌ఫ్లాన్సు చేతులలోని ఫ్రెంచిసేన యోడెను. 1759 ఏప్రిలులో బందరుకోట కూలెను. సలాబతుజంగు బందరుసీమను నింగ్లీషువారికే వ్రాసియిచ్చెను. బొబ్బిలినుండి బందరునకు రెండుసంవత్సరములపై మూఁడునెలలు పట్టలేదు.

ఇందుల కొక యాక్షేపము గలదు. ఆ 1758లోనే లాలీ బుస్సీని దక్షిణమునకుఁ బిలిపించుకొని, యీ దేశ మెఱుఁగని కాన్‌ఫ్లాన్సునకు సర్కారుల నప్పగించెను. నాశమున కదియే హేతు వని పలువురు చెప్పుదురు. లాలీదోషము పెద్దదే, బుస్సీ యుండినచో నానందరాజు తలయెత్తునో లేదో. కాని యతఁడు తలయెత్తినపుడు కాన్‌ఫ్లాన్సు తనప్రక్క నిలుపుకొనఁదగిన బొబ్బిలి లేదు. ఆ లోటు లాలీ చేసినది గాదు. ఒక్కని బుద్ధిబలముమీఁదనే నిలుచునట్లు సర్కారులను మిగిల్చిపోయినవాఁడు బుస్సీ.

నారాయణకవి యిదంతయుఁ జెప్పవలసిన దనుట యన్యాయము. వీరరసమునకుఁ బగ దీఱుటతో విశ్రాంతి గలుగును. ఆపైఁ గవులదే యిష్టము. తప్పు చదువరులది. కావ్యము ముగిసినచోటనే కార్యమును ముగిసిన దని వారు తలంతురు. పద్మనాభమున 1794 జూలై 10వ తేదిని విజయనగరపు రాజు కుంపిణీసేనతోఁ బోరి మడిసెను. పిమ్మట, నాఁడు వృద్ధుని చేతఁ గోట వెడలిన బాలుఁడు బొబ్బిలిని మరలఁ బొందెను. ఇచ్చినవా రింగ్లీషువారు.