పరిణామవాదము – అమరాత్మ

1859లో డార్విన్ జాతుల పుట్టుకను గూర్చిన తన గ్రంథమును ప్రకటించిన నాటినుండి క్రైస్తవుల మనస్సున ఒక ప్రశ్న మెదలుచున్నది. మానవుడు జంతుజాతినుండి క్రమముగా వచ్చినవాడైనచో అతనికి మరణము లేని ఆత్మ యెక్కడిది?

పన్నెండవ పయస్ పోపు 1950లో వెలువరించిన ‘హ్యుమానీ జెనెరిస్’ లేఖ దీనికొక మార్గము చూపినది. దేహము పూర్వజీవులనుండి కలిగినదా యను విచారణను పండితులకు విడిచి, ఆత్మను మాత్రము దేవుడే నేరుగా సృజించునని చెప్పినది. ఈ విభజన వివేకవంతమే. త్రాసునకు చిక్కనిదానిని శాస్త్రము కాదనజాలదు.

అయినను మాకొక చిక్కు తోచుచున్నది. పరిణామము మెట్టుమెట్టుగా సాగును. అమరత్వమునకు మెట్లు లేవు. అట్లయిన ఆత్మ లేని తల్లికి ఆత్మ గల బిడ్డ పుట్టిన దినమొకటి ఉండవలెను గదా! పరిణామవాదము ఒట్టి ఊహకంటె మించినదని 1996లో అంగీకరించిన రెండవ జాన్ పాల్ పోపు, మానవుని యెడ స్వభావములోనే ఒక దాటు కలదనెను. పేరు పెట్టినంతనే దాటు బోధపడదు.

రెంటికిని పొత్తు కుదురుననియే మా అభిప్రాయము. అతుకు మాత్రము కనబడుచునే యున్నది. దానిని దాచక చూపుటయే విశ్వాసికి మేలు. బిడ్డను సమాధిచేసి వచ్చిన తల్లి, ఆత్మ యెప్పుడు వచ్చెనని అడుగదు. ఎచటికి పోయెనని అడుగును.