గెయిన్ తగ్గించే చేయి

సాయంత్రం మూసాపేట మెట్రోలో గిటార్ బ్యాగులతో కనిపించే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు మెటల్ దంచేస్తున్నారంటే, సగం గొప్ప ఆంప్ సెట్ చేసినవాడి చెవిదే. గెయిన్ నాబ్‌ని అతను చివరిదాకా తిప్పడు, సగంలోనే ఆపేస్తాడు. ఆంప్‌కి ముందు ట్యూబ్ స్క్రీమర్ పెడల్ తగిలించి, డ్రైవ్ సున్నాకు దించి, లెవెల్ పెంచుతాడు. ప్రీఆంప్‌లోని 12ఏఎక్స్7 ట్యూబుల్ని చేరేలోపే గరగరలాడే బేస్ వడకట్టుకుపోతుంది. ఆంప్ పీవీ 5150 అయితే కరుకుగా మీదికి దూకుతుంది. మీసా రెక్టిఫయర్ ఆంప్ అయితే అడుగున బరువుగా పరుచుకుంటుంది, అక్కడ బేస్ ఇంకాస్త కోస్తాడు. మధ్య స్థాయి స్వరాల మిడ్ జోలికి మాత్రం పోడు. అది తీసేస్తే డ్రమ్స్ మొదలవగానే గిటార్ గల్లంతే. చివరికి, అరచేతి అంచుతో తీగల్ని నొక్కి కొట్టిన ప్రతి దెబ్బా విడివిడిగా వినపడుతుంది. అంత రొదలోనూ ఎవరి వాయింపు వాళ్లకు తేటగా వినిపించడం ఎంత పనితనం!